పేరు చెప్పాను, కథ చెప్పలేదు

(ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సభలో, పర్లాకిమిడిలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ల శబ్దం ఎక్కువగా ఉంటే చెప్పండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

ఒడియాలో మాట్లాడతావా, తెలుగులో మాట్లాడతావా అని అడిగారు నన్ను పిలిచినవాళ్లు. నేను చదివింది ఒడియా మీడియం, స్కూల్లో లెక్కలు చెప్పేది ఒడియాలో, బ్యాంకుకెళ్లినా తహసీల్ ఆఫీసుకెళ్లినా నోట్లోంచి వచ్చేది ఒడియాయే. కానీ ఇవాళ నేను మాట్లాడబోయే సంగతి మొట్టమొదట చెప్పుకోవాల్సి వచ్చింది మా ఆయనకి, మా అమ్మకి, మా అన్నయ్యకి, పాతపట్నంలో ఉన్న మా అత్తగారికి. వాళ్లందరితో నాది తెలుగే. ఆ మాటలు తెలుగులోనే వెతుక్కున్నాను, తెలుగులోనే తప్పులు చేశాను, కాబట్టి తెలుగులోనే చెబుతాను.

నాకు డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అనే జబ్బు ఉంది. అంటే "నేను" అనేది ముక్కలుగా ఉండిపోయి, ఒక ముక్కకి తెలిసింది ఇంకో ముక్కకి గుర్తుండదు. 2021లో బరంపురంలో ఒక డాక్టరమ్మ చెప్పారు. వైద్యం గురించి డాక్టర్లు నాకంటే బాగా చెబుతారు. నేను మాట్లాడేది ఇంకో దాని గురించి: ఆ చీటీ పట్టుకుని ఇంటికొచ్చాక ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి అని. అది ఏ చీటీ మీదా రాసి ఉండదు.

ముందు గుణుపురం స్టేషను సంగతి చెప్పాలి. 2018 వానాకాలం. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని ఉన్నాను. చీర అంచు తడిసి ఉంది. చేతిలో పర్లాకిమిడి నుంచి తీసిన రైలు టికెట్టు ఉంది. టికెట్టు కొన్నట్టు గుర్తు లేదు, రైలెక్కినట్టు గుర్తు లేదు, కాశీనగర్ దాటినట్టు గుర్తు లేదు. నాకు గుర్తున్న ఆఖరి సంగతి మా వీధి కుళాయి దగ్గర బిందె పెట్టడం. ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి, సంచిలో రెండు మూరల ఎర్ర రిబ్బను, డజను గాజు గాజులు. మా పాపకి కొన్నానేమో అనుకున్నాను. మా పాపకి అప్పటికి మూడేళ్లు. ఆ గాజులు ఏడెనిమిదేళ్ల పిల్ల చేతివి. పాపకి పెద్దవి, నాకు వేళ్ల దగ్గరే ఆగిపోతాయి. వాటిని అలా చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. అప్పుడు మా ఆయన ఫోను చేశాడు. ఏం చెప్పాను తెలుసా? "ఫ్రెండుని చూడ్డానికి వచ్చాను, సాయంత్రం బండికి వచ్చేస్తా" అన్నాను, గొంతు కొంచెం కూడా వణకలేదు.

ఈ జబ్బుతో బతికేవాళ్లకి దాచడం అంత బాగా అలవాటైపోతుంది. గుర్తులేని చోటల్లా ఏదో ఒకటి అతికించి చెప్పేస్తాం, ఎదుటివాళ్లకి అనుమానం రాదు, కొన్నాళ్లకి మనకే రాదు. అందుకే చెప్పడం ఇంత కష్టం. ఒక రోజు నిజం చెబితే, వెనక పదిహేనేళ్లు చెప్పిన అబద్ధాలన్నీ బయటపడతాయి.

అంతకు ముందు ఏళ్లతరబడి నాది ఫిట్స్ అనుకున్నారు. పడిపోయేదాన్ని, కళ్లు తెరిచే ఉండేవి, పిలిస్తే పలికేదాన్ని కాదు. చేతిలో తాళాల గుత్తి పెట్టేవారు, ఉల్లిపాయ వాసన చూపించేవారు. మూర్ఛ మాత్రలు నాలుగేళ్లు మింగాను. తలకి వైర్లు పెట్టి తీసే ఈఈజీ పరీక్షలో ప్రతిసారీ ఏమీ లేదనే వచ్చేది. ఒక ఆసుపత్రి వరండాలో నేను వింటుండగానే "ఇదంతా యాక్టింగు" అన్నారు. ఇంకోవైపు గాలి సోకిందన్నారు, చిల్లంగి అన్నారు, తాయెత్తు కట్టించారు, నిమ్మకాయలు తిప్పించారు. మా అమ్మ చేతనైనదంతా చేసింది. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు, ఆ రోజుల్లో నా మాట నమ్మి నా వెంట తిరిగిన మనిషి ఆవిడొక్కతే.

మన దేశంలో ఈ తెగ జబ్బుల్లో డాక్టర్ల దగ్గరికి ఎక్కువగా వచ్చేవి ఇలా ఫిట్స్ లాగా పడిపోవడం, మాట పడిపోవడం, కాలు చెయ్యి కదలకపోవడం, పూనకంలాంటివి. నటన కాదు ఇది. మెదడులో మూర్ఛ అలలు ఉండవు, అంతే. శరీరం మాత్రం నిజంగానే పడిపోతుంది. పడినప్పుడు మోకాలు నిజంగానే పగులుతుంది.

నా చీటీ మీద ఎఫ్ 44 అని మొదలయ్యే ఒక నంబరు రాశారు. డిసోసియేటివ్ జబ్బులన్నీ ఆ నంబరు కిందికి వస్తాయి. పూర్వం నా జబ్బుని మల్టిపుల్ పర్సనాలిటీ అనేవారు, 1994లో అమెరికా సైకియాట్రీ వాళ్లు ఆ పేరు మార్చారు. పేరు మార్చడం చిన్న విషయంలా కనబడుతుంది కానీ నాకు చాలా పెద్దది. పాత పేరు వింటే ఒక ఒంట్లో చాలామంది మనుషులున్నారని అనిపిస్తుంది. కొత్త పేరు చెప్పేది వేరే: మనిషి ఒక్కరే, ఆ ఒక్క మనిషికి "నేను" అనేది ఒక ముక్కగా కుదురుకోలేదు. ఈ మాట కొత్తదేమీ కాదు, ఫ్రాన్సులో పియేర్ జానే అనే ఆయన 1889లోనే దీని మీద పుస్తకం రాశాడు.

ఇక చెప్పడం దగ్గరికి వస్తాను.

మొదట మా ఆయనకి చెప్పాను. తప్పుగా చెప్పాను. రాత్రి భోజనాలయ్యాక ఎదురుగా కూర్చోబెట్టి, చీటీ చేతిలో పెట్టి, ఇంగ్లీషు పేరు మొత్తం చదివాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఫోను తీసి ఆ పేరు కొట్టాడు. ఏమొస్తాయి? సినిమా ముక్కలు. పగలు మంచివాడు, రాత్రి హంతకుడు. ఒక గంట చూశాడు. తర్వాత తలెత్తి అడిగాడు: "అయితే నేను పెళ్లి చేసుకున్నది ఎవర్ని?"

ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. నాకు ఇంటికొచ్చేదాకా బస్సులో అదే ప్రశ్న. కానీ ఆ పూట నా దగ్గర జవాబు లేదు. మర్నాడు పొద్దున్న వంకాయలు తరగడానికి చూస్తే కత్తిపీట లేదు. అటక మీద పెట్టాడు. అటక మీద, గోనెసంచి కింద, నాకు అందకుండా. నేను స్టూలు మీద నిలబడి దాన్ని చూశాను, మళ్లీ అక్కడే వదిలేశాను, ఆ రోజు వంకాయలు చేత్తో విరిచి వండాను.

తర్వాత ఆయన నాతో బరంపురం వచ్చాడు. డాక్టరమ్మ ఆయన్ని విడిగా కూర్చోబెట్టి ఒకటే చెప్పారట: ఈ జబ్బున్నవాళ్ల వల్ల ఇంట్లోవాళ్లకి ప్రమాదమన్నది సినిమాలో మాట, వీళ్లకి వీళ్లవల్లే ప్రమాదం అని. అమెరికా సైకియాట్రీ వాళ్లు జబ్బుల మీద వేసిన డీఎస్ఎం-5 అనే పుస్తకంలోనే ఉంది, ఆసుపత్రికి వచ్చి వెళ్తుండే ఈ జబ్బు మనుషుల్లో 70 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లే. ఇంటికొచ్చి ఆయన కత్తిపీట కిందికి దింపాడు. నిద్రమాత్రల సీసా తీసుకెళ్లి తన బీరువాలో పెట్టి, రోజూ రాత్రి ఒకటి చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. నిజం తెలిశాక భయం ఉండాల్సిన చోటికి వెళ్లింది.

అందుకే మొదటి సలహా, ఎవరికైనా పేరు చెప్పాలనుకుంటే వాళ్ల చేతికి ఫోను వెళ్లకముందే రెండు మాటలు మీరే చెప్పండి. ఇది స్కిజోఫ్రీనియా కాదు, నేను ఎవరికీ హాని చెయ్యను. ఆ రెండూ ముందు. పేరు తర్వాత.

అమ్మ దగ్గరికి వచ్చేసరికి నాకు కొంత బుద్ధి వచ్చింది. ఎదురుగా కూర్చోలేదు. ఆదివారం తలకి నూనె పెట్టించుకోవడానికి వెళ్లాను, ఆవిడ పీట మీద, నేను కింద, నా వీపు ఆవిడ వైపు. మా అమ్మ దగ్గర ఒక కొమ్ము దువ్వెన ఉంది, మన ఊరి కొమ్ము పని గురించి మీకు చెప్పక్కర్లేదు, మా అమ్మమ్మ నాటిది అది, ఒక పన్ను విరిగింది. దాంతో చిక్కు తీస్తోంది. మొహాలు కనబడకపోతే మాటలు వస్తాయి, ఇది ఎవరైనా ప్రయత్నించి చూడొచ్చు, వంట చేస్తూ, నడుస్తూ, బండి మీద వెనక కూర్చుని. ఆవిడ మూడు పాయలు తీసింది. అప్పుడు అడిగాను, "అమ్మా, పాయలు తీసి అల్లకుండా వదిలేస్తే ఏమవుతుంది?"

"ఏటవుతాది, మూడూ మూడు దిక్కులకి పోతాయి."

"నా మనసు అలాగ ఉందమ్మా. చిన్నపిల్లలకి పుట్టగానే జడ ఉండదు కదా, అందరికీ చిన్నతనంలో మెల్లిగా అల్లుకుంటుందట. నాకు అల్లుకోలేదు. ఒక పాయకి తెలిసింది ఇంకో పాయకి తెలీదు. జుట్టు ఒకటే, తల ఒకటే."

దువ్వెన ఆగింది. చాలాసేపటికి "మరి డాక్టరు అల్లుతాదా?" అంది.

ఆ ప్రశ్నకంటే బాగా ఎవరూ అడగలేదు నన్ను. అల్లుకోవడానికి ఏళ్లు పడుతుందని, పాయల్ని చంపడం గానీ కోసెయ్యడం గానీ ఉండదని, దీనికంటూ ప్రత్యేకంగా మాత్ర లేదని, ఇప్పుడు వేసుకునేవి దిగులుకి, టెన్షన్‌కి, నిద్రకి అని, అసలు మందు వారం వారం కూర్చుని మాట్లాడడమేనని చెప్పాను. "నీకొక్కదానికేనా ఇది?" అంది. అమెరికాలో ఒక చిన్న సర్వేలో నూటికి ఒకటిన్నర మందికి ఉన్నట్టు తేలిందని చెప్పాను. లెక్కల టీచర్ని కదా, "అంటే మన వీధి అంత జనంలో ఇద్దరో ముగ్గురో ఉండొచ్చమ్మా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, జడ చివరిదాకా అల్లేసింది.

మీకు తెలుసు, ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులు గారు టీచరుగా పనిచేస్తూ, నోటితో మాట్లాడే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పట్టుబట్టారు. సవరల భాష నేర్చుకుని వాళ్లకి వాళ్ల మాటల్లో చదువు చెప్పాలని తిరిగారు. నేను ఆయన్ని చాలాసార్లు తలుచుకున్నాను. ఈ జబ్బుకి తెలుగులో ఒక పెద్ద సంస్కృతం మాట తయారుచేసి పెట్టొచ్చు, అది మా అమ్మకి ఇంగ్లీషు కంటే దూరం. పాయ, జడ, చిక్కు అంటే దగ్గర. మీ ఇంట్లో మగ్గం ఉంటే మగ్గం మాటల్లో చెప్పండి, పొలం ఉంటే పొలం మాటల్లో చెప్పండి.

ఇప్పుడు అన్నయ్య. ఇక్కడే నేను అసలు సంగతి నేర్చుకున్నాను.

అన్నయ్య కూడా ఫోనులో చదివాడు. మా ఆయన సినిమాలు చూశాడు, అన్నయ్య వ్యాసాలు చదివాడు. వాటిలో ఉంటుంది, ఇది చాలామందిలో చిన్నతనంలో తట్టుకోలేనిది ఏదో జరగడం వల్ల వస్తుందని. పారిపోవడానికి వీల్లేని పిల్ల మనసులోంచి పారిపోతుందని. చదివి తిన్నగా మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, బండి తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఎవడు?" అన్నాడు. "పేరు చెప్పు. ఇప్పుడే వెళ్తాను."

ప్రేమతోనే అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను మూడు రోజులు మంచం మీంచి లేవలేదు. అమ్మకి తెలిసింది. ఆవిడ అన్నం మానేసింది, "నా కళ్ల ముందు ఏం జరిగింది, నేనెక్కడున్నాను" అని. ఇంట్లో అందరూ అందరి మొహాలూ చూడడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ల కిందట మా ఇంటికి వచ్చిపోయిన ప్రతి చుట్టాన్నీ లెక్కపెట్టుకున్నారు. పోయినవాళ్లని కూడా వదల్లేదు. నేను చెప్పింది ఒక జబ్బు పేరు. వాళ్లకి వినబడింది ఒక నేరం, ఒక నేరస్థుడు.

ఈ ముక్క నాలాంటివాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను, మిగతావాళ్లు కూడా వినండి. జబ్బు పేరు చెప్పినంత మాత్రాన ఆ జబ్బు వెనక కథ చెప్పాల్సిన బాకీ ఏమీ మనకి లేదు. అవి రెండు వేరు వేరు తలుపులు. ఒకటి తెరిస్తే రెండోది దానంతట అదే తెరుచుకోవాలని అందరూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం, అడిగినప్పుడు చెప్పకపోతే అబద్ధమాడినట్టు కుమిలిపోతాం. డాక్టర్లే తొందరపడరు. వైద్యం మూడు మెట్లుగా ఉంటుంది. ముందు మనిషి నిలదొక్కుకోవాలి, నిద్ర, తిండి, ప్రాణం మీద ఆశ. ఆ తర్వాతే జ్ఞాపకాల జోలికి వెళ్తారు, అదీ కొద్దికొద్దిగా. ఆ తర్వాత అల్లిక. మొదటి మెట్టు మీద ఉన్న మనిషిని గుమ్మంలో నిలబెట్టి రెండో మెట్టు ప్రశ్న అడిగితే, మనిషి కింద పడుతుంది. నేను పడ్డాను. పైగా నాకే కొన్ని స్పష్టంగా లేవు. సగం గుర్తున్న దాన్ని, ఎదుటివాళ్లు ఒత్తిడి చేస్తే, వాళ్ల అనుమానంతో నింపేసుకునే ప్రమాదం ఉంది. అది ఎవరికీ న్యాయం కాదు.

డాక్టరమ్మ సాయంతో ఒక వాక్యం తయారు చేసుకున్నాను. కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. "అది నేను డాక్టరు దగ్గర మాట్లాడుకుంటున్నాను. చెప్పాలనిపించినప్పుడు నేనే చెబుతాను, ఎప్పటికీ చెప్పకపోవచ్చు కూడా." అన్నయ్యకి ఫోనులో చదివి వినిపించాను, చూసి చదివాను. ఆయన కాసేపు ఊరుకుని "మరి నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు, ఆయనకి కావలసింది ఒక పని. చేతిలో తాళాలు పట్టుకుని వచ్చిన మనిషికి ఎక్కడికో ఒకచోటికి వెళ్లే పని ఉండాలి. "నెలకి రెండుసార్లు నన్ను బరంపురం తీసుకెళ్లు" అన్నాను. నాలుగేళ్లుగా తీసుకెళ్తున్నాడు. దారిలో క్రికెట్ గురించి మాట్లాడతాడు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఒక్క మినహాయింపు ఉంది, దాన్ని దాటవేస్తే నేను తప్పు చేసినదాన్నవుతాను. చిన్నతనంలో హాని చేసిన మనిషి అంటూ ఒకడు ఇంకా బతికి ఉండి, ఇవాళ అతని చుట్టూ పిల్లలుంటే, అప్పుడు అది మన ఒక్కళ్ల కథ కాదు. 2012 పోక్సో చట్టం ఉంది, పిల్లల కోసం 1098 నంబరు ఉంది. ముందు మీ డాక్టరుతో మాట్లాడండి, కానీ మాట్లాడండి.

అత్తగారికి నేను పేరు కూడా చెప్పలేదు. "మతి తప్పి పడిపోయే జబ్బండీ, వైద్యం జరుగుతోంది, అలా అయినప్పుడు నన్ను కుదపకండి, మొహం మీద కొట్టకండి, మెల్లిగా పేరు పెట్టి పిలవండి" అన్నాను. అది నిజం, ఆవిడకి కావలసినంత నిజం. ఆవిడ మాత్రం "అమ్మవారేమో" అంది. మన వైపు ఇది చాలామందికి వచ్చే ఆలోచన. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర మనందరం చూసిందే, కాళిసి పట్టినవాళ్ల, అంటే పూనకం వచ్చినవాళ్ల కాళ్లకి నీళ్లు పోసి దణ్ణం పెట్టిందే. డాక్టరమ్మని అడిగాను దీని గురించి. గుడిలో, జాతరలో, ఆ ఆచారంలో భాగంగా వచ్చి, ఆ మనిషికి బాధగా లేకుండా వెళ్లిపోయేదాన్ని వైద్యశాస్త్రం జబ్బు అనదని చెప్పారు. మనిషి వద్దనుకుంటున్నా వచ్చి, సంసారాన్ని ఉద్యోగాన్ని చెడగొట్టేదే జబ్బు. ఇదే మాట అత్తగారికి చెప్పాను. "మీరు నమ్మే తల్లిని నేను కాదనడం లేదత్తయ్యా, ఆవిడ వస్తే గుడికే వస్తుంది కదా, నన్ను గుణుపురం స్టేషన్లో ఎందుకు వదిలేస్తుంది" అన్నాను. ఆవిడ ఆలోచించింది. ఇప్పుడు మొక్కూ చెల్లిస్తుంది, మాత్ర వేసుకున్నావా అనీ అడుగుతుంది. రెండూ ఉండనివ్వండి.

స్కూలు సంగతి తొందరగా చెప్పేస్తాను, తలుచుకోవడం ఇష్టం లేదు. నా పాయల్లో ఒక చిన్నది ఉంది, ఏడెనిమిదేళ్లది, ఆ గాజులు దానివే. దానికి ఒడియా సరిగ్గా రాదు, ఎందుకంటే నేను ఒడియా బాగా నేర్చుకోకముందే అది ఆగిపోయింది. ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో నేను హఠాత్తుగా తెలుగులో, చిన్నపిల్ల గొంతుతో, నీళ్లు కావాలని అడిగానట. పక్కనున్న ఒడియా టీచరు, నన్ను నానీ అని పిలుస్తుంది, గంజాం వైపు అక్కని అలాగే అంటారు, ఆమెకి తెలుగు ముక్క రాదు, అయినా అర్థం చేసుకుని గ్లాసు పట్టుకుని తాగించిందట. ఆమెకి చెప్పాను అంతా. ఆమె ఈరోజుకీ ఎవరికీ చెప్పలేదు. నమ్మి ఇంకొకరికి చెప్పాను. వారం తిరక్కుండా పై వాళ్లకి చేరింది, నా దగ్గర్నుంచి పదో తరగతి తీసేశారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, దాని 23వ సెక్షన్ ప్రకారం మన జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే. కానీ ఆ సెక్షన్ డాక్టర్లని, ఆసుపత్రుల్ని కట్టడి చేస్తుంది, తోటి ఉద్యోగుల నోళ్లని కాదు. అందుకే ఉద్యోగం దగ్గర ఒకరికి చెబితే చాలు. ఆ ఒకరిని ఎంచుకోవడానికి ఏడాది పట్టినా ఫరవాలేదు.

మా పాపకి ఇప్పుడు పదేళ్లు. ఎనిమిదో ఏట చెప్పాను. "అమ్మకి అప్పుడప్పుడు మనసు వేరే చోటికి వెళ్లిపోతుంది. నీ వల్ల కాదు. నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, పక్కింటి పిన్నిని పిలిస్తే చాలు." ఆ "ఏమీ చెయ్యక్కర్లేదు" అన్న మాట నాకు ముఖ్యం, పిల్ల నాకు కాపలా కాయకూడదు. అది విని, కాసేపు బొమ్మకి రంగు వేసుకుని, "నువ్వు వెళ్లిన చోట నేను ఉంటానా?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. దగ్గరికి తీసుకున్నాను. నిజమేమిటంటే నాలోని ఆ చిన్న పాయకి మా పాప తెలీదు, ఒకసారి మా పాప రిబ్బను లాక్కుని తలకి కట్టుకుందట కూడా. పిల్లకి అది చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఎవరికెంత చెప్పాలన్నది మీ ఇష్టం అంటున్నాను కదా, ఒక్కటి మాత్రం ఆ ఇష్టంలోకి రాదు. చచ్చిపోవాలనిపిస్తే ఆ సంగతి ఒక్కరికైనా చెప్పి తీరాలి. కారణం చెప్పక్కర్లేదు, "ఇవాళ నన్ను ఒంటరిగా వదలొద్దు" అంటే చాలు. మా ఆయనకి నాకు మధ్య ఆ మాటకి ఒక గుర్తు ఉంది, అటక అంటాను. అర్థమైపోతుంది. ఎవరూ లేకపోతే 14416కి ఫోను చెయ్యండి, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది, ఏ వేళకైనా పలుకుతారు, డబ్బు పడదు. ఒడియాయే మాట్లాడాలని లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

మొన్న దసరాకి అమ్మ దగ్గర ఉన్నాను. వంటింట్లో ఎవరో గిన్నె జారవిడిచారు, ఆ చప్పుడుకి నేను వెళ్లిపోయాను. ఎంతసేపో తెలీదు. తిరిగొచ్చేసరికి నా అరచేతిలో కొమ్ము దువ్వెన ఉంది, అమ్మ నా బొటనవేలు పట్టుకుని దాని పళ్ల మీదుగా మెల్లిగా రాస్తోంది, టకటకమని, విరిగిన పన్ను దగ్గర ఒక ఖాళీ, మళ్లీ టకటక. చన్నీళ్ల గ్లాసు పక్కన ఉంది. డాక్టరమ్మ నేర్పినవే, కానీ మాటలు మాత్రం అమ్మవి. "ఇది మనిల్లు. ఇది పర్లాకిమిడి. ఇవాళ లక్ష్మివారం. నాను మీ అమ్మని. నువ్వు పెద్దదానివి, నీకు పిల్లుంది. ఏ గదిలోకీ ఎవులూ రారు." అలా చెబుతూనే ఉంది, ఎన్నిసార్లు చెప్పిందో, గొంతు బొంగురుపోయి ఉంది. నేను కళ్లెత్తి చూశాను.

ఆ చివరి మాట ఆవిడకి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. దువ్వెన మాత్రం ఇచ్చేసింది, ఇదిగో, సంచిలోనే ఉంటుంది.

టైము అయిందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి, లేచి అడగడం ఇష్టం లేనివాళ్లు చీటీ మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు. ఎందుకొచ్చింది అన్న ప్రశ్న తప్ప ఏదైనా అడగొచ్చు. ఆ అమ్మాయి చెయ్యెత్తింది, మైకు అటు ఇవ్వండి.